రాజకీయమూ త్రికరణశుద్ధీ

తెలుగులో ‘రాజకీయం’ అన్న మాట రెండు అర్థాల్లో బతుకుతోంది. పాఠ్యపుస్తకంలో అది రాజ్యాన్ని నడిపే విద్య. ఇంట్లో, వీధిలో, ఆఫీసులో మాత్రం ఎత్తుగడ, లోపాయికారీ వ్యవహారం. ‘నా దగ్గర రాజకీయాలు చేయకు’ అని అన్న తమ్ముణ్ణి కసిరినప్పుడు అందులో ఎన్నికల ఊసు ఉండదు. మనసులో ఒకటి ఉంచుకుని పైకి మరొకటి చెబుతున్నావన్న నింద ఉంటుంది. రాజకీయ నాయకుడు నిజాయితీగా ఉండగలడా అన్న ప్రశ్నకు వాడుక భాష ఇలా ముందే సగం జవాబు చెప్పేసింది. కానీ అదే భాషలో ‘త్రికరణశుద్ధి’ అన్న మాట కూడా ఉంది. మనసు, మాట, చేత మూడూ ఒక్కటిగా ఉండడం దాని అర్థం. పూజకు కూర్చునేవాడి నుంచి, సాక్ష్యం చెప్పేవాడి నుంచి ఆశించే ఈ గుణాన్ని పాలించేవాడి నుంచి ఆశించవచ్చా, ఆశిస్తే ఏ మేరకు అన్నది మహాభారతమంత పాత ప్రశ్న.

ఊళ్లో ఒక నాయకుణ్ణి మెచ్చుకోవాలంటే ‘పైసా ముట్టడు’ అంటారు. అది చిన్న మెప్పేమీ కాదు. అయితే నిజాయితీ అంతటితో పూర్తి కాదు. లంచం ముట్టనివాడు సభలో అబద్ధం చెప్పవచ్చు. అబద్ధం చెప్పనివాడు తన శాఖలో జరిగిన ఘోరానికి తనకేమీ సంబంధం లేదని తప్పుకోవచ్చు. డబ్బు దగ్గర శుభ్రత, మాట దగ్గర శుభ్రత, జరిగినదానికి పూచీ పడటం: ఇవన్నీ ఒక్క మనిషిలో కలిసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మొదటిది కంటికి కనిపిస్తుంది, చట్టానికి అందుతుంది. మిగిలిన రెండింటి దగ్గరే ధర్మశాస్త్రాలూ తత్వవేత్తలూ చిక్కుపడ్డారు.

ఆ చిక్కుకు అన్నిటికంటే పదునైన రూపం ద్రోణపర్వంలో ఉంది. కురుక్షేత్రంలో పదిహేనో రోజు. ద్రోణుడి బాణాలకు పాండవసేన కూలిపోతోంది. చేతిలో ఆయుధం ఉన్నంతసేపు ఆయనను గెలిచేవాడు లేడు. కొడుకు అశ్వత్థామ పోయాడని నమ్మితే తప్ప ఆయన ఆయుధం దించడు. భీముడు అశ్వత్థామ అనే పేరున్న ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని కేకవేశాడు. ద్రోణుడు ఆ కేకను నమ్మలేదు. ధర్మరాజు నోటితో వింటే నమ్ముతానన్నాడు, ఎందుకంటే మూడు లోకాల రాజ్యం వస్తుందన్నా ధర్మరాజు అబద్ధమాడడని ఆయన ఎరుగును. ధర్మరాజు చావు మాట గట్టిగా చెప్పాడు, ఏనుగు మాట వినబడీ వినబడనట్టు గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేల తాకింది.

ధర్మరాజు అన్నది అక్షరాలా చూస్తే అబద్ధం కాదు. చచ్చిన ఏనుగు పేరు నిజంగానే అశ్వత్థామ. అయినా రథం దిగింది. పలికిన అక్షరాలు సరైనవా కాదా అన్నది మహాభారతం పట్టించుకోలేదు. విన్నవాడి మనసులో ఏ నమ్మకం పుట్టించడానికి పలికారన్నదాన్నే లెక్కలోకి తీసుకుంది. శాసనసభలో అడిగిన ప్రశ్నకు సగం అంకెలు చెప్పి కూర్చునే మంత్రికీ, ‘ఆ ఫైలు మీద నా సంతకం లేదు’ అంటూ నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని దాచే నాయకుడికీ ఇదే కొలత వర్తిస్తుంది.

ఇంకా లోతైన సంగతి ఒకటి ఉంది. భీముడి కేకకు చలించని ద్రోణుడు ధర్మరాజు గొణుగుడుకు కూలిపోయాడు. ఆ అసత్యానికి బలం ఇచ్చింది ఆయన జన్మంతా పలికిన సత్యమే. మాట మీద నిలబడని మనిషి ఎంత పెద్ద అబద్ధమాడినా ద్రోణుడు విల్లు దించేవాడు కాదు. ప్రజల నమ్మకం కూడా అలాంటిదే. అది ఉన్నవాడే మోసం చేయగలడు, చేసిన మరుక్షణం దాన్ని పోగొట్టుకుంటాడు. మంచిపేరున్న నాయకుడి అబద్ధం పేరులేనివాడి అబద్ధం కంటే ఎక్కువ హాని చేయడానికి కారణం ఇదే.

ఇక వ్యాసుడు ధర్మరాజును ఊరికే వదిలిపెట్టలేదు. గురువును అలా చంపించడాన్ని అర్జునుడే తప్పుబట్టాడు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు కొద్దిసేపైనా నరకాన్ని చూడవలసి వచ్చింది, అది ద్రోణుడి పట్ల చేసిన వంచనకు ఫలమని ఇంద్రుడు చెప్పాడు. ఆ మాట అనకపోతే యుద్ధం ఓడిపోయేవారు. ఆ మాట అనడం పాపం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టివేయకపోవడం, రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని దాచిపెట్టకపోవడం ఈ కావ్యం సాధించిన పెద్ద పని.

ద్రోణపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన ఊరికే కలం పట్టిన కవి కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికి మంత్రి. దాయాదుల చేతిలో రాజ్యం పోగొట్టుకున్న తన ప్రభువు కోసం ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం సంపాదించుకువచ్చాడని సంప్రదాయం చెబుతుంది. విరాటపర్వం మొదలు చివరిదాకా పదిహేను పర్వాలు, అంటే ఉద్యోగపర్వంలోని రాయబారాలూ ద్రోణవధా శాంతిపర్వంలో భీష్ముడి రాజధర్మ బోధా, ఆయన చేతి మీదుగానే తెలుగువారికి అందాయి. రాజనీతిలోని ఇరుకు తెలుగులోకి వచ్చింది పదవిలో ఉండి ఆ ఇరుకును అనుభవించిన మనిషి ద్వారా అన్నమాట.

సత్యం పలకడమే పాపమైన కథ కూడా మహాభారతంలోనే ఉంది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే కౌశికుడి కథ అది. ఎప్పుడూ నిజమే పలకాలని వ్రతం పట్టిన తాపసి కౌశికుడు. దొంగలు తరుముతుంటే కొందరు అతని ఆశ్రమం దగ్గరి అడవిలో దాక్కున్నారు. వెనకాలే వచ్చిన దొంగలు అడిగితే వ్రతం కోసం అతను నిజం చెప్పేశాడు. దొంగలు వాళ్లను పట్టుకుని చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. ఇంచుమించు ఇదే సన్నివేశాన్ని జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన ఒక చిన్న వ్యాసంలో తీసుకుని నేరుగా ఎదురు తీర్పు ఇచ్చాడు. హంతకుడు వచ్చి నీ ఇంట్లో దాక్కున్న మిత్రుడు ఎక్కడని అడిగినా అబద్ధమాడే హక్కు నీకు లేదన్నాడు. మాట మీద నమ్మకమే అన్ని ఒప్పందాలకూ పునాది కనుక, ఒక్క మినహాయింపు ఇచ్చినా ఆ పునాది కదులుతుందన్నది అతని వాదం.

కాంట్ భయం ఉత్తిది కాదు. మినహాయింపు దొరికిందంటే అధికారంలో ఉన్న ప్రతివాడూ తన అబద్ధాన్ని అందులోనే ఇరికిస్తాడు. అయినా కృష్ణుడి తీర్పే ఇక్కడ బలమైనది. కౌశికుడు అబద్ధమాడి ఉంటే అతనికి ఒరిగేది ఏమీ లేదు, మేలంతా ప్రాణభయంతో దాక్కున్నవాళ్లదే. అతను నిజం చెప్పింది తన వ్రతానికి మచ్చ రాకూడదని. తన శుభ్రత కోసం ఇతరుల ప్రాణాలు ఖర్చు పెట్టాడు. పాలకుడి అబద్ధాన్ని తూచడానికి ఈ కథ ఒక త్రాసు ఇస్తుంది: ఆ మాట వల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

క్రిప్స్ రాయబారం పేరుతో తెలుగువారికి తెలిసిన స్టాఫర్డ్ క్రిప్స్ ఈ త్రాసులో తూగిన మనిషి. గాఢమైన క్రైస్తవ విశ్వాసం, కఠినమైన జీవితం ఆయనవి. బ్రిటన్ ఆర్థికమంత్రిగా 1949లో పౌండు విలువ తగ్గించబోమని పదేపదే చెప్పాడు. సెప్టెంబరు 18న పౌండును 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించాడు. ముందే ఒప్పుకుని ఉంటే సట్టా వ్యాపారులు ఆ రాత్రికి రాత్రే ఖజానాను కొల్లగొట్టేవారు. ఆయన జేబులోకి చిల్లిగవ్వ రాలేదు. చర్చిల్ మాత్రం సభలో ఆయన మాట విలువ మీదే దాడి చేశాడు. ఆ దాడిలో పార్టీ లాభం ఉన్నప్పటికీ అడిగిన ప్రశ్న న్యాయమైనది: మళ్లీ ఎప్పుడైనా ఆ మంత్రి ‘లేదు’ అంటే ఎవరు నమ్మాలి? ధర్మరాజు రథం ఇక్కడ కూడా కొంత దిగింది.

సత్యం అనగానే తెలుగువారికి మెదిలేది హరిశ్చంద్రుడు. గౌరన ద్విపద నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా, ఊరూరా పందిళ్లలో తెల్లవార్లూ ఆడిన కాటిసీను దాకా, మాట కోసం రాజ్యాన్నీ ఆలుబిడ్డల్నీ వదులుకున్న రాజుగా ఆయన నిలిచిపోయాడు. పక్కనే బలి చక్రవర్తి. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు, వచ్చినవాడు విష్ణువని హెచ్చరించి, ఏయే సందర్భాల్లో బొంకినా పాపం రాదో చెప్పి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమన్నాడు. బలి ఒప్పుకోలేదు. ఈ ఇద్దరూ రాజకీయ నిజాయితీకి శిఖరాలుగా చెప్పుకునేవాళ్లు.

కానీ ఈ ఆదర్శంలో ఒక చిక్కు ఉంది. ఇద్దరూ ఇచ్చింది రాజ్యాన్ని. రాజ్యం రాజు సొత్తు అనుకున్న కాలంలో అది త్యాగం. ఇప్పటి మంత్రికి రాజ్యం సొంతం కాదు, ఐదేళ్లకు అప్పగించిన ధర్మకర్తృత్వం. తన మాట నిలవడం కోసం ఊరి ఆస్తిని ధారపోసే ధర్మకర్తను ఎవరూ హరిశ్చంద్రుడనరు. పురాణకర్తకు కూడా ఈ సంగతి తట్టినట్టుంది. మార్కండేయ పురాణంలో హరిశ్చంద్రుడికి స్వర్గం నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆయన వెంటనే బయలుదేరలేదు. తన కోసం దుఃఖించిన కోసల ప్రజలను వదిలి రానన్నాడు, తన పుణ్యంలో వాళ్లకూ పాలు ఉందన్నాడు. నాటకాల్లో అంతగా కనిపించని ఈ ముగింపు ఆయన సత్యవ్రతం కంటే తక్కువైనది కాదు.

ఎన్నికల వాగ్దానాల సంగతి ఇక్కడే వస్తుంది. వాగ్దానం నెరవేర్చడం నిజాయితీ అంటారు, అది నిజమే. అయితే లెక్క కుదరని వాగ్దానం చేయడంలోనే అబద్ధం ఉందన్నది అంతగా గుర్తించరు. మద్యనిషేధం తెలుగునేల మీద దీనికి మంచి ఉదాహరణ. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. ఎన్.టి. రామారావు ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో, ఆయన తరవాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానాకు వచ్చే ఆదాయం ఎలా భర్తీ అవుతుందో, దొంగసారాను ఎలా ఆపాలో ఆ ఆడవాళ్లకు ఎవరూ ముందు విడమరిచి చెప్పలేదు. మేనిఫెస్టోలో చేసే వాగ్దానాలు ఎన్నికల చట్టం కింద అవినీతి కిందికి రావని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, వాటికి మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని కూడా ఆదేశించింది. వాగ్దానం వెనక డబ్బు ఎక్కడిదో చెప్పడం నాయకుడి మనస్సాక్షికే వదిలేయడం ఇప్పటివరకు పెద్దగా ఫలించలేదు.

అధికారంలో ఉండి శుద్ధంగా బతకడం కుదరకపోతే ఏం చేయాలి? కృష్ణా తీరం నుంచి దీనికి ఒక స్పష్టమైన జవాబు వచ్చింది. నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే రెండు గ్రంథాలు సుహృల్లేఖ, రత్నావళి. రత్నావళిలో ఆయన రాజుకు పన్నులు తగ్గించమనీ, రోగుల్నీ దిక్కులేనివాళ్లనీ ఆదుకోమనీ, ఖైదీల పట్ల దయ చూపమనీ చెబుతాడు. రాజు చుట్టూ ఉన్నవాళ్లు ఇంపైన మాటలే చెబుతారనీ, కటువైన మేలు చెప్పేవాడు దొరకడం కష్టమనీ హెచ్చరిస్తాడు. ఇదంతా చెప్పాక, లోకం తీరు వల్ల ధర్మంగా పాలించడం సాధ్యం కాకపోతే రాజ్యం వదిలి భిక్షువు కావడమే మేలంటాడు.

శాంతిపర్వం దీనికి ఎదురుగా నిలబడుతుంది. యుద్ధం ముగిశాక ధర్మరాజు కూడా అడవికి పోతానన్నాడు. తమ్ముళ్లూ ద్రౌపదీ అడ్డుపడ్డారు. అంపశయ్య మీది భీష్ముడు, దండం పట్టేవాడు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయం వస్తుందని బోధించాడు. మంచివాడు చేతులు కడుక్కుని వెళ్లిపోతే రాజ్యం ఖాళీగా ఉండదు, ఆ ఖాళీలోకి మరొకడు వస్తాడు. నాగార్జునుడి సలహా వినేవాడి ఆత్మకు మంచిదేమో గాని, ఆ రాజ్యంలో మిగిలిపోయే రైతుకూ ఖైదీకీ మంచిదని చెప్పలేం. ఈ విషయంలో భీష్ముడి వైపే మొగ్గాలి.

1919 జనవరిలో మ్యూనిక్‌లో విద్యార్థుల ముందు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ చేసిన ప్రసంగం ఈ వివాదానికి ఐరోపా రూపం. యుద్ధంలో ఓడిన జర్మనీలో అప్పుడు తిరుగుబాట్లు నడుస్తున్నాయి. నమ్మిన సూత్రానికి కట్టుబడి ఫలితాన్ని దేవుడికి వదిలే నీతి ఒకటి, ఫలితానికి తానే పూచీ పడే నీతి మరొకటి అని వెబర్ విడదీశాడు. రాజ్యం బలప్రయోగం మీద నిలబడింది కనుక, ఆత్మను ఉద్ధరించుకోవాలనుకునేవాడు ఈ దారిన రాకూడదన్నాడు. కానీ అక్కడితో ఆగిపోలేదు. పూచీ పడుతూ పడుతూ ఒకచోట ‘ఇక దాటను’ అని ఆగిపోగల మనిషే రాజకీయానికి తగినవాడన్నాడు. ఆ తరవాత 1973లో అమెరికన్ తత్వవేత్త మైఖేల్ వాల్జర్, మట్టి అంటిన చేతుల సమస్య అనే పేరుతో దీన్ని మళ్లీ చర్చించాడు. ప్రజల మేలు కోసం తప్పు పని చేయవలసి వచ్చిన నాయకుడు అది తప్పేనని తెలిసి, దానికి ప్రాయశ్చిత్తం మోయడానికి సిద్ధపడాలన్నది అతని మాట. తన మాటకు నరకం చూసిన ధర్మరాజు గురించి వాల్జర్ రాయకపోయినా, ఆ మాట వర్తించేది ధర్మరాజుకే.

దీని నుంచి మాకియవెల్లి వేరు. 1513లో రాసిన ‘ది ప్రిన్స్’లో అతను, రాజు అవసరమైనప్పుడు చెడుగా ఉండడం నేర్చుకోవాలని పచ్చిగా చెప్పాడు. ప్రాయశ్చిత్తం ఊసు లేదు. ఆ పుస్తకం పట్టుకుని అతణ్ణి అవినీతికి గురువుగా చూడడం మాత్రం అన్యాయం. ఫ్లోరెన్స్ కొలువులో పద్నాలుగేళ్లు పనిచేసిన మాకియవెల్లి, తన పేదరికమే తన నిజాయితీకి సాక్ష్యమని మిత్రుడికి ఉత్తరం రాసుకున్నాడు. కౌటిల్యుడు మనుషుల మీద ఇంకా తక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. ఉద్యోగులు ఖజానా సొమ్ము కాజేసే నలభై దారులను అర్థశాస్త్రం లెక్కపెట్టింది. మంత్రి పదవికి ముందు ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు వైపుల నుంచి రహస్యంగా ఎర వేసి పరీక్షించమంది. మంచివాడు దొరికేదాకా రాజ్యం ఆగదు కనుక, మామూలు మనిషిని కూడా నిజాయితీగా ఉంచే కట్టుబాట్లు కావాలన్నది ఇందులోని సారం.

ఇప్పటి కట్టుబాట్లు ఆ పని చేస్తున్నాయా అని చూస్తే చాలాచోట్ల ఎదురు పని చేస్తున్నాయి. 2022 జనవరి నుంచి పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి శాసనసభకు 40 లక్షల రూపాయలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగుకు ముందు రోజుల్లో డబ్బు పంచడం వీధిలో అందరికీ తెలిసిన సంగతి. ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ చట్టం దృష్టిలో నేరమే. గెలిచినవాడు ఎన్నికల సంఘానికి సమర్పించే మొట్టమొదటి కాగితం ఆ ఖర్చుల లెక్క. అది తప్పుడు లెక్క అయితే ప్రజాప్రతినిధి జీవితం అబద్ధంతోనే ప్రారంభమైనట్టు. ఈ ఒక్క మడుగు దాటకుండా మంచివాడు సభకు చేరలేకపోవడం ఈ దేశపు రాజకీయంలో అన్నిటికంటే బాధాకరమైన విషయం. శుభ్రమైన రాజకీయం కోసం ఐఏఎస్ వదిలి 1996లో లోక్‌సత్తా స్థాపించి, దాన్ని 2006లో పార్టీగా మార్చిన జయప్రకాశ్ నారాయణ్, 2009 ఎన్నికల్లో కూకట్‌పల్లి నుంచి గెలిచినప్పుడు ఆయన పార్టీకి దక్కింది ఆ ఒక్క స్థానమే.

పార్టీ ఫిరాయింపుల చట్టం కథ మరోలా ఉంటుంది. సభ్యులు అమ్ముడుపోకుండా 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. అమ్ముడుపోయినవాణ్ణీ, మనస్సాక్షి ప్రకారం ఓటేసినవాణ్ణీ ఈ చట్టం ఒకేలా చూస్తుంది. మూడో వంతు సభ్యులు చీలితే వర్తించే మినహాయింపును 2003లో తీసేశారు గాని, మూడింట రెండు వంతుల విలీనానికి దారి ఉంచారు. విడిగా కండువా మార్చుకున్నవాళ్ల మీద ఇచ్చిన ఫిర్యాదులు స్పీకర్ల దగ్గర ఏళ్ల తరబడి నానుతుంటాయి. పత్రికలు జంప్ జిలానీలని పేరు పెట్టినవాళ్లలో కొందరు మంత్రులు కూడా అయ్యారు. ఫలితంగా గుంపుగా అమ్ముడుపోవడం తేలికైంది, ఒంటరిగా కాదనడం కష్టమైంది.

సభ్యుడి ఓటుకు డబ్బు తీసుకోవడం గురించి సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన తీర్పు సత్యం, మాట నిలుపుకోవడం అన్న చర్చకే విపరీతమైన ఉదాహరణ. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం దగ్గర జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్నది ఆ కేసు. రాజ్యాంగం 105వ అధికరణ సభలో వేసిన ఓటుకు రక్షణ ఇస్తుంది కనుక, డబ్బు తీసుకుని అనుకున్నట్టే ఓటేసిన సభ్యులను విచారించకూడదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ ఉండి ఓటు వేయని సభ్యుడికి మాత్రం ఆ రక్షణ లేదన్నారు. అంటే లంచం ఇచ్చినవాడి దగ్గర మాట నిలుపుకున్నవాడికి అభయం, తప్పినవాడికి విచారణ. పి.వి.ని 2000లో కింది కోర్టు దోషిగా తేల్చినా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో 1998 తీర్పును కొట్టివేసింది. లంచం చేతిలో పడిన క్షణానే నేరం పూర్తవుతుందని, ఆ తరవాత ఓటు ఎటు వేశారన్నది అనవసరమని తేల్చింది.

ఇంత ప్రతికూలత మధ్య నిలబడిన మనుషులు లేకపోతే ఈ చర్చ అంతా గాలిలో దీపమే. వాళ్లున్నారు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు వంతెన కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగింది. శాస్త్రి మళ్లీ ఇచ్చారు, ఈసారి నెహ్రూ ఆమోదించారు. తప్పు శాస్త్రిది కాదనీ, రాజ్యాంగ మర్యాదకు ఉదాహరణగా ఉండాలనే ఒప్పుకుంటున్నాననీ సభకు చెప్పారు. వంతెనను శాస్త్రి కూల్చలేదు. కానీ ఆ శాఖ తనదని చెప్పడానికి ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక భాష పదవి వదలడం. 1964లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పరిస్థితి ఇంకా ఇబ్బందికరమైనది. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో ఆయనకు దురుద్దేశం ఉందన్న ఆరోపణలను ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. పదవి వదలమని కోర్టు అనలేదు. ఆయన వదిలారు. తప్పు లేని శాస్త్రి రాజీనామా కంటే, వేలు చూపించుకున్నాక దిగిపోయిన సంజీవరెడ్డి రాజీనామా తక్కువదని కొందరు అంటారు. అలాంటి వేలు చూపించినా కుర్చీ వదలని సంప్రదాయం స్థిరపడ్డాక చూస్తే, ఆ తక్కువ కూడా ఎంతో ఎత్తుగా కనిపిస్తుంది.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టారు. పేరులోంచి కులాన్ని తీసేశారు. వారసత్వపు ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. ప్రజాజీవితానికి అడ్డమవుతారని భార్య లీలతో కలిసి పిల్లలు వద్దనుకున్నారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపిన మనిషి ఆయన. అజ్ఞాతవాసి ప్రభుత్వం నుంచి ఉనికి దాస్తాడు. ఏ ప్రజల కోసం దాక్కున్నాడో వాళ్లతో అబద్ధమాడనంతవరకు అది వంచన కాదు. సైకిలు కథలు అందరూ చెబుతారు. ఆయన నిజాయితీకి అంతకంటే బరువైన రుజువు మరొకటి ఉంది. ఎమర్జెన్సీ కాలంలో జనసంఘ్‌తో కలిసి పనిచేయడం వంటి విషయాల్లో పార్టీ నాయకత్వంతో విభేదించి, 1976లో సీపీఎం ప్రధాన కార్యదర్శి పదవికి కారణాలు రాసి మరీ రాజీనామా చేశారు. ఆయన అంచనా సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మనసులో ఒకటి ఉంచుకుని పార్టీ పేరుతో మరొకటి పలకడానికి ఆయన ఒప్పుకోలేదు. పార్టీని వీడనూ లేదు.

టంగుటూరి ప్రకాశం విషయం ఇంత నున్నగా ఉండదు, అందుకే దానికి విలువ ఎక్కువ. మద్రాసులో బారిస్టరుగా సంపాదించినదంతా స్వాతంత్ర్యోద్యమానికీ 1921లో మొదలుపెట్టిన ‘స్వరాజ్య’ పత్రికకూ కరిగిపోయింది. 1928లో సైమన్ కమిషన్ మద్రాసు వచ్చినప్పుడు తుపాకుల ముందు రొమ్ము చూపించారు. చేతిలో ఏమీ మిగలని రోజుల్లో సన్మానసభల్లో ప్రజలు ఇచ్చిన డబ్బు సంచులు ఆయన సొంతానికి వాడుకోవడాన్ని గాంధీజీ తప్పుబట్టారు. గాంధీ చెప్పింది సూత్రంగా సరైనదే. ప్రజలకు తన సర్వస్వం ఇచ్చినవాడు ప్రజల దగ్గర తీసుకోవడం లంచం కాదన్నదీ సరైనదే. బహిరంగంగా, అందరి కళ్ల ముందు పుచ్చుకున్న దానికీ చీకట్లో ముట్టిన దానికీ మధ్య దూరం చాలా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రజా సోషలిస్టు పార్టీని వీడి, తాను చాలాకాలం ఎదిరించిన కాంగ్రెస్ మద్దతుతో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. దాన్ని పదవి కోసం చేసిన పని అన్నవాళ్లున్నారు. కొత్త రాష్ట్రాన్ని నిలబెట్టడానికని అన్నవాళ్లూ ఉన్నారు. బహుశా రెండూ ఉండి ఉంటాయి.

ఏడాది తిరిగేసరికి పరీక్ష వచ్చింది. మద్యనిషేధం ఎత్తివేయడం మంచిదని రామమూర్తి కమిటీ నివేదిక ఇచ్చింది. ఖజానాకు డబ్బు కావాలి. కల్లుగీత కార్మికుల కష్టం కూడా నిజమైనదే. ప్రకాశం నిషేధాన్ని వదలనన్నారు. 1954 నవంబరులో కర్నూలులో శాసనసభ ముందుకు అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. 1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూసినప్పుడు, ఒకప్పుడు మద్రాసు న్యాయవాదుల్లో లక్షలు గడించిన మనిషి వెనక ఆస్తి అంటూ ఏమీ మిగలలేదు.